వరి గెట్టు మీది చిన్న సాలీడు: పేరు ఎక్కడిదాకా చెప్పగలం, ఎక్కడ ఆగాలి

నాట్లు పడి మూడు నాలుగు వారాలు దాటాక వరంగల్ చుట్టుపక్కల రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫోటో తిరుగుతుంది. గెట్టు గడ్డిలోనో, మడి నీళ్ల మీదనో గోధుమరంగు చిన్న సాలీడు, దాని వెనకాల అంటుకుని ఒక తెల్లటి ఉండ. కింద ప్రశ్న: "ఇదేం సాలీడు? కరిస్తే ఏమైనా అవుతదా?" జవాబులు తలా ఒకటి. ఒకరు తోడేలు సాలీడు అంటారు, ఇంకొకరు టరాంటులా పిల్ల అంటారు. ఫోన్ యాప్ ఒక లాటిన్ పేరు చూపిస్తుంది, వ్యవసాయ డిగ్రీ చదివినాయన ఇంకో లాటిన్ పేరు రాస్తాడు.

టరాంటులా మాట ఒక్కటి తీసేస్తే మిగతా వాళ్లు ఎవరూ పూర్తిగా తప్పు కాకపోవచ్చు. వాళ్లు వేర్వేరు స్థాయిల్లో జవాబు చెబుతున్నారు, అంతే. ప్రమాదం సంగతి ముందే చెప్పేస్తే టెన్షన్ ఉండదు. తోడేలు సాలీళ్లు మనిషిని వెతుక్కుంటూ వచ్చి కరిచేవి కావు. చేతికింద నలిగితే కరవచ్చు. మామూలుగా కాస్త నొప్పి, వాపు, ఎరుపు, అంతకు మించి ఉండదు. ఇక పేరు సంగతి చూద్దాం.

"తోడేలు సాలీడు" అనేది ఒక జాతి పేరు కాదు

జీవులకు పేరు పెట్టేటప్పుడు శాస్త్రవేత్తలు కుటుంబం, దాని లోపల ప్రజాతి, దాని లోపల జాతి అని లెక్కేస్తారు. తోడేలు సాలీడు అన్నది మొత్తం ఒక కుటుంబానికి మనం వాడే పేరు. ఆ కుటుంబం లైకోసిడే. ప్రపంచం మీద ఇప్పటికి 2,400కు పైగా జాతులున్నాయి ఇందులో. పార్డోసా అనే ఒక్క ప్రజాతిలోనే 500 దాటాయి. పొలాల్లో కనిపించే చిన్న తోడేలు సాలీళ్లలో ఎక్కువ భాగం ఈ పార్డోసాలో, లేదా దానికి దగ్గరి చుట్టాలైన ప్రజాతుల్లో పడతాయి.

కాబట్టి "ఇది తోడేలు సాలీడు" అంటే కుటుంబం చెప్పినట్టు. "పార్డోసా" అంటే ప్రజాతి చెప్పినట్టు. "పార్డోసా సూడోయాన్యులాటా" అంటే జాతి దాకా వెళ్లినట్టు. మొదటిది మడిలో నిలబడి ఎవరైనా చెప్పగలరు. రెండోది కొంచెం అలవాటుంటే చాలాసార్లు చెప్పొచ్చు. మూడోది చెప్పాలంటే, మహా అయితే మంచి అంచనా వేయగలం. ఖాయం చేయాలంటే పొలం దాటి మైక్రోస్కోప్ దగ్గరికి పోవాల్సిందే.

కళ్లు ఎలా అమరాయో చూడాలి

సాలీడుకు సాధారణంగా ఎనిమిది కళ్లు. అవి ఎలా అమరి ఉన్నాయన్నదే కుటుంబాన్ని పట్టించే మొదటి ఆనవాలు. తోడేలు సాలీడు ముఖం మీద కింది వరసలో నాలుగు చిన్న కళ్లు ఉంటాయి. వాటిపైన సూటిగా ముందుకు చూసే రెండు పెద్ద కళ్లు. ఇంకాస్త వెనక, తల పైభాగంలో, మరో రెండు ఓ మోస్తరు కళ్లు. నాలుగు, రెండు, రెండు. ఫోన్ కెమెరాకు పెట్టుకునే చవకరకం మాక్రో లెన్స్ ఉన్నా ఇది కనబడుతుంది, కాకపోతే ఫోటో ఎదురుగా తీయాలి. మనవాళ్లు పంపే ఫోటోలు నూటికి తొంభై పైనుంచి తీసినవే, అక్కడే సగం కథ పోతుంది.

రాత్రయితే లెన్స్ కూడా అక్కర్లేదు. టార్చిని చేత్తో కిందికి పట్టుకోకుండా కణత దగ్గర, మన కంటికి ఆనించినట్టు పెట్టి గెట్టు వెంట చూడాలి. ఈ సాలీళ్ల పెద్ద కళ్ల వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది. వెలుతురు వచ్చిన దారినే వెనక్కి పోతుంది కాబట్టి టార్చి మన కంటికి దగ్గరగా ఉంటేనే ఆ మెరుపు మనకు దొరుకుతుంది. పచ్చటి, సన్నటి చుక్కలు. మంచు బొట్లు కూడా మెరుస్తాయి గాని మనం ఒక అడుగు పక్కకు వేస్తే వాటి రంగు మారుతుంది, మిణుకుమంటాయి. కంటి మెరుపు నిలకడగా ఉంటుంది, దగ్గరికి పోతే ఒక్కసారిగా ఆరిపోతుంది, అంటే అది అటు తిరిగిందన్నమాట.

రెండో ఆనవాలు ఆ తెల్ల ఉండ. అది గుడ్ల సంచి. ఆడ తోడేలు సాలీడు దాన్ని పొట్ట చివర, దారం వదిలే బుడిపెలకు అంటించుకుని ఎక్కడికి పోతే అక్కడికి మోసుకుపోతుంది. సంచిని జాగ్రత్తగా చూస్తే నడుమ చుట్టూ ఒక అతుకు గీత ఉంటుంది. పిల్లలు బయటికొచ్చే వేళకు తల్లి ఆ అతుకును కోరలతో విప్పుతుంది. పిల్లలు తల్లి కాళ్ల మీదుగా ఎగబాకి వీపెక్కుతాయి. వీపు మీద పట్టు చిక్కడానికి తల్లి ఒంటికి చివర్న బొడిపె ఉన్న ప్రత్యేకమైన వెంట్రుకలు ఉంటాయి, పిల్లలు వాటినే పట్టుకుని కొన్ని రోజులు ఏమీ తినకుండా అలాగే తిరుగుతాయి. ఆ దశలో ఫోటో తీస్తే పొట్ట మీద బొబ్బలు లేచినట్టు కనిపిస్తుంది. "రోగం వచ్చిన సాలీడు" అని పంపేవి ఇవే. సంచి ఊడిపోతే తల్లి వెతుక్కుంటుంది, దాని బదులు దూది ఉండో బెండు ముక్కో దొరికినా అంటించుకుని తిరుగుతుంది.

పోలికతో బోల్తా కొట్టించేవి

గుడ్ల సంచిని ఎక్కడ మోస్తోంది అన్న ఒక్క ప్రశ్నతో చాలా గందరగోళం తీరుతుంది. తోడేలు సాలీడుకు దగ్గరి పోలికలతో పైసారిడే అనే కుటుంబం ఒకటుంది. నీటి ఒడ్డునే తిరుగుతాయి, రంగూ అదే. అవి మాత్రం సంచిని నోటితో, కోరల మధ్య పట్టుకుని ఛాతీ కింద మోస్తాయి. ఇళ్లలో గోడల మీద అడ్డంగా పరుగెత్తే పెద్ద సాలీడు సంచి బిళ్లలా చదునుగా ఉంటుంది, దాన్ని ఒంటి కింద పెట్టుకుంటుంది. పత్తి, కంది ఆకుల మీద ఎగిరి పట్టే లింక్స్ సాలీడు కాళ్ల నిండా నిలువు ముళ్లుంటాయి, తల పైన ఆరు కళ్లు ఆరు మూలలుగా ఉంటాయి. అది సంచిని మోయదు, కొమ్మకు అంటించి కాపలా కాస్తుంది.

అన్నిటికన్నా చిక్కు పెట్టేది హిప్పాసా. తోడేలు సాలీళ్లు గూడు అల్లవు, పరుగెత్తి పట్టుకుంటాయి అని చదువుకుంటాం. హిప్పాసా తోడేలు సాలీళ్ల కుటుంబమే అయినా అల్లుతుంది. చలికాలం పొద్దున్నే పచ్చిక మైదానాల్లో, గెట్ల గడ్డిలో మంచు పట్టి తెల్లగా మెరిసే దుప్పట్లు కనిపిస్తాయి కదా, ఒక పక్కన గరాటులా లోపలికి పోయే బొక్కతో. వాటిలో చాలా దీనివే. గూడు చూసి "ఇది గరాటు సాలీళ్ల కుటుంబం, తోడేలు కాదు" అనేయడం సులువు. పైగా దాని వెనక దారపు బుడిపెలు పొడుగ్గా బయటికి కనిపిస్తాయి, అచ్చం గరాటు సాలీళ్లకు ఉన్నట్టే. కళ్ల వరస, గుడ్ల సంచి చూస్తే గాని నిజం బయటపడదు.

మడి, శిఖం, చెలక, రేగడి: దొరికిన చోటు ఏం చెబుతుంది

ఉత్తర తెలంగాణలో నీటి తడి, ఎండు నేల పక్కపక్కనే ఉంటాయి. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి కాకతీయుల కాలపు చెరువులు, వాటి కింద ఆయకట్టు, దాన్ని ఆనుకునే ఎర్ర చెలకలు, దుబ్బ నేలలు, మరోపక్క పత్తి వేసే నల్లరేగడి. పావుగంట నడిస్తే సాలీళ్ల లోకమే మారిపోతుంది.

వరి మడిలో మొదట చూడాల్సింది పార్డోసా సూడోయాన్యులాటా కోసం. జపాన్ నుంచి భారత్ దాకా ఆసియా వరి పొలాల్లో విస్తారంగా ఉన్న జాతి ఇది. దమ్ము చేసి నాటు వేసిన కొద్ది రోజులకే గెట్ల మీది గడ్డి నుంచి మడిలోకి దిగుతుంది. ఒంటిమీది సన్నటి వెంట్రుకలు తడవవు కాబట్టి నీళ్ల మీద పరుగెడుతుంది, దుబ్బుల మొదళ్లలో నీటికి కాస్త పైన మాటేస్తుంది. కోత అయ్యాక గెట్లకు, గడ్డి కుప్పల కిందికి మళ్లుతుంది. అందుకే వానాకాలం పంటకూ యాసంగికీ మధ్య గెట్ల మీద గడ్డి ఉందా, గడ్డిమందు కొట్టి మాడ్చేశారా అన్నది దీనికి చావుబతుకుల సంగతి.

చెరువు శిఖంలో, నీరు తగ్గేకొద్దీ బయటపడే బురద నేల మీద, పార్డోసాలతో పాటు పిరాటా, దాని దగ్గరి ప్రజాతులు తిరుగుతాయి. ఇవి మరీ చిన్నవి, తడికి అతుక్కుని బతికేవి. బెదిరిస్తే కొన్ని గడ్డి కాడ పట్టుకుని నీటి కిందికి దిగిపోతాయి. చెలకల్లో లైకోసా ప్రజాతి వాటివి బొరియలు, అంచుకు దారంతో బిగించిన నున్నటి బొక్కలు. రాళ్లు తేలిన ఎండు జాగాల్లో ఎవిప్పా ప్రజాతి లాంటివి. రేగడి నెర్రెల్లో ఎండ తప్పించుకోవడానికి దూరేవి మాత్రం ఒక రకమని చెప్పలేం, నెర్రె ఎవరికైనా ఆశ్రయమే.

ఇక్కడే ఒక మెలిక. తావు చూసి అంచనా కట్టొచ్చు, రుజువు చేయలేం. కోత అయ్యాక మడిలోవి కొన్ని పక్కనున్న చెలకలోకీ చేరవచ్చు. తోడేలు సాలీళ్ల పిల్లలు గడ్డి కొసకెక్కి సన్నటి దారం గాలికి వదిలి దాంతో పాటు ఎగిరిపోతాయి, ఎక్కడ దిగుతాయో వాటి చేతిలో లేదు. "వరిలో దొరికింది కాబట్టి వరి సాలీడే" అనే వాదన అక్కడే దెబ్బతింటుంది.

ఒక నమూనా: నర్సంపేట వైపు గెట్టు మీద దొరికింది

ఊహించుకోండి. వానాకాలం, పిలకల దశలో ఉన్న మడి. గెట్టు మీద ఒక సాలీడు, వెనకాల గుడ్ల సంచి. స్కేలు పక్కన పెట్టి ఫోటో తీశాం. కాళ్లు లెక్కలోకి తీసుకోకుండా ముఖం నుంచి పొట్ట చివరి దాకా 9 మిల్లీమీటర్లు, సుమారు వడ్ల గింజంత. చూసినవాళ్లు "అంగుళం పైనే ఉంది" అంటే కాళ్లతో కలిపి అని అర్థం చేసుకోవాలి, వర్ణనల్లో రాసేది ఎప్పుడూ ఒంటి పొడవే.

సంచి వెనక అంటుకుని ఉంది, కళ్లు నాలుగు-రెండు-రెండు. కుటుంబం ఖాయం. సంచి ఉంది కాబట్టి పెద్దయిన ఆడది. ఇది చిన్న విషయంలా అనిపించినా చాలా విలువైనది. ఎందుకంటే చిన్న సాలీడు అంటే చిన్న జాతి అని అర్థం కాదు. 20 మిల్లీమీటర్లు పెరిగే లైకోసా కూడా ఒకప్పుడు 9 మిల్లీమీటర్లే ఉంటుంది. సంచి ఉంటే ఆ అనుమానం తీరిపోతుంది, దీని పూర్తి సైజు ఇదే.

తర్వాత ముఖం. ఎదురుగా చూస్తే తల పక్కలు ఇంచుమించు నిలువుగా దిగుతున్నాయి, కాళ్లు సన్నగా, పొడుగు ముళ్లతో ఉన్నాయి. వెనక కాలులో పాదానికి ముందున్న కణుపు, మోకాలి భాగమూ దాని తర్వాతి కణుపూ కలిపితే ఎంతో అంత, లేదా అంతకన్నా పొడుగు. ఇవన్నీ పార్డోసా వైపు చూపిస్తాయి. తల వెనక భాగం మీద లేత పట్టీ, దాని ముందు వైపు పంగగా చీలిన గుర్తు. వరిలో దొరికింది, సైజు సరిపోయింది, పంగ గుర్తుంది. పార్డోసా సూడోయాన్యులాటా అనడానికి బలమైన అంచనా ఇది.

కానీ పంగ గుర్తు ఒక్కటే పట్టుకుని పేరు రాసేస్తే? పిరాటా జాతులకూ అదే భాగంలో రెండుగా చీలిన గుర్తు ఉంటుంది. అవి సాధారణంగా చిన్నవి, ఇక్కడ సైజు మనల్ని కాపాడింది. అదే సంచి లేని 5 మిల్లీమీటర్ల సాలీడైతే గుర్తు చూసి ఏదీ తేల్చలేం.

అలాంటిదే రెండో నమూనా వేసుకుందాం. హనుమకొండలో ఓ కాలేజీ ఆవరణ, ఎండిన గడ్డి, 5 మిల్లీమీటర్ల మగ సాలీడు. మగది అని ఎలా తెలిసింది? ముఖం ముందు రెండు పొట్టి కాళ్లలాంటి స్పర్శాంగాలు ఉంటాయి, మగవాటికి వాటి కొసలు ఉబ్బి ఉంటాయి. ఉబ్బు నున్నగా ఉంటే ఇంకా ఒక కుబుసం విడవాల్సిన కుర్రది, లోపల నల్లటి గట్టి నిర్మాణాలు కనిపిస్తే పెద్దది. ఇది పెద్దదే, స్పర్శాంగాలు నల్లగా ఉన్నాయి, వాటిని ఆడిస్తూ గడ్డి మీద ఆగి ఆగి నడుస్తోంది. సరే, ఏది? పార్డోసా కావచ్చు, వాడికోసా కావచ్చు, డ్రాపోసా కావచ్చు. ఈ మూడు ప్రజాతులూ చూపుకు అన్నదమ్ములే. ఫోటోతో ఇక్కడే ఆగాలి. అలా ఆగడం ఓటమి కాదు, "లైకోసిడే, పార్డోసాకు దగ్గరి గుంపు, పెద్ద మగది" అని రాస్తే అది నిజమైన సమాచారం.

మైక్రోస్కోప్ కింద ఏం చూస్తారు

ఒంటి రంగు, చారలు నమ్మదగ్గవి కావు. ఒకే జాతిలో ఆడ, మగ వేరుగా ఉంటాయి, వయసుతో మారతాయి, వెంట్రుకలు రాలితే చారలే పోతాయి. జాతిని పట్టించేవి జననాంగాలు. ఆడదానికి పొట్ట కింద ఎపిజైన్ అనే చిన్న గట్టి ఫలకం, మగదానికి స్పర్శాంగం కొసలోని కొక్కేలు, ముళ్లు. ఒక్కో జాతికి ఒక్కో తీరు. ఇవి పూర్తిగా ఏర్పడేది ఆఖరి కుబుసం విడిచాకే, కాబట్టి పిల్ల సాలీడును ఎంత పెద్ద నిపుణుడి ముందు పెట్టినా జాతి పేరు చెప్పడం కష్టం. పొలంలో కనిపించేవాటిలో పిల్లలే ఎక్కువ, అదొక చికాకు.

ఇందుకు సాలీడును 70 శాతం ఆల్కహాల్‌లో భద్రపరచాలి, అంటే చంపాలి. దీనిమీద రెండు వాదనలున్నాయి, రెండూ కొట్టిపారేసేవి కావు. ఫోటో తీసేవాళ్లు అనేది: జంతువును వదిలేద్దాం, వేల ఫోటోలు, తేదీలు, చోట్లు పోగైతే ఏ కాలంలో ఎక్కడ ఏ గుంపు తిరుగుతుందో తెలుస్తుంది, చంపి సీసాలో పెట్టిన నాలుగింటితో అది తెలియదు. వర్గీకరణ చేసేవాళ్లు అనేది: నమూనా లేకుండా రాసిన పేరును రేపు ఎవరూ సరిచూడలేరు, తప్పు పేరు ఒకసారి జాబితాలోకి ఎక్కితే పదిమంది దాన్నే ఎత్తి రాస్తారు. నన్నడిగితే ప్రజాతి దాకా ఫోటోది పైచేయి, ఆపైన నమూనాదే.

యాప్‌ల సంగతీ ఇంతే. ఐనాచురలిస్ట్ లాంటివి ఫోటోను పాత ఫోటోలతో పోల్చి పేరు సూచిస్తాయి. ఆ పాత ఫోటోలకు పేర్లు పెట్టింది మనుషులే. మన ప్రాంతపు చిన్న తోడేలు సాలీళ్లకు మైక్రోస్కోప్‌తో సరిచూసిన ఫోటోలు తక్కువైతే, ఎక్కువ ఫోటోలున్న జాతి పేరే పదే పదే వస్తుంది. డీఎన్ఏ పరీక్ష ఉందిగా అనొచ్చు. కాలులోంచి చిన్న ముక్క తీసి సుమారు 650 అక్షరాల జన్యు భాగాన్ని చదివి పోలుస్తారు. పోల్చడానికి సరైన పేరుతో ముందే నమోదైన క్రమం ఉండాలి, అది మొదటి షరతు. పార్డోసాలోని కొన్ని గుంపుల్లో దగ్గరి జాతులు ఆ భాగంలో ఒకదాన్నొకటి విడదీయలేనంతగా కలిసిపోతాయి, అది రెండో చిక్కు.

పేర్లు ఎందుకు మారుతుంటాయి

పాత వ్యవసాయ పుస్తకాల్లో లైకోసా సూడోయాన్యులాటా అని ఉంటుంది, కొత్తవాటిలో పార్డోసా. సాలీడు ఒకటే. 1906లో బోసెన్‌బెర్గ్, స్ట్రాండ్ జపాన్ సాలీళ్ల మీద రాసినప్పుడు దీన్ని ఇంకో ప్రజాతిలో పెట్టారు, తర్వాతి వాళ్లు జననాంగాలు చూసి మార్చారు. భారత తోడేలు సాలీళ్ల మీద 1924లో గ్రేవ్లీ, 1980లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తరఫున టీకాదర్, మల్హోత్రా చేసిన పని ఇప్పటికీ మొదటి ఆధారం. అయితే వాటిలో పార్డోసా కింద ఉన్న కొన్నింటిని 2010లో క్రోనెస్టెట్ డ్రాపోసా అనే కొత్త ప్రజాతిలోకి మార్చాడు. పార్డోసా అక్షరాలనే అటూ ఇటూ చేసి పెట్టిన పేరది. పాత పేరుతో వెతికి "ఇది మన దగ్గర లేదట" అనుకునే ముందు పేరు మారిందేమో చూసుకోవాలి.

సుడిదోమను ఆపేది ఇదేనా

పేరు గొడవ రైతుకు తగిలేది ఇక్కడ. వరి పొట్ట దశకు వచ్చేసరికి భయపెట్టేది సుడిదోమ, మనవైపు దోమపోటు అనేది. పార్డోసా సూడోయాన్యులాటా దాన్ని బాగా తింటుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెప్పే లెక్క రోజుకు 5 నుంచి 15 పురుగులు. పచ్చదోమ, మొగిపురుగు రెక్కల పురుగులు కూడా అందులో ఉంటాయి. 1984లో ఫిలిప్పీన్స్‌లో పనిచేసిన పరిశోధకులు, మందు కొట్టిన మళ్లలోనే సుడిదోమ విజృంభిస్తోందని, కొట్టని చోట సాలీళ్లు, ఇతర మిత్ర పురుగులు అదుపులో ఉంచుతున్నాయని చూపించారు. ఇండోనేషియా 1986లో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. 1996లో జావా నుంచి వచ్చిన మరో అధ్యయనం ఇంకో ముడి విప్పింది: పంట మొదట్లో దోమ లేనప్పుడు సాలీళ్లు ఏం తిని బతుకుతున్నాయి? చివికే గడ్డి, ఎరువు తినే చిన్న చిన్న నీటి ఈగలను. అంటే నాటు వేసిన కొత్తలో అవసరం ఉన్నా లేకపోయినా పురుగుమందు గుళికలు చల్లితే దోమ రాకముందే కాపలాదారుల తిండి పోయినట్టు.

ఇంకో వైపు వాదన కూడా వినాలి. ఈ సాలీడు దోమకే అంకితం కాదు, దొరికింది తింటుంది. సుడిదోమ గుడ్లు తినే మిరిడ్ నల్లులను తింటుంది, తోటి సాలీళ్లను తింటుంది. పెద్దదవడానికి దానికి దోమ కన్నా ఎక్కువ కాలం పడుతుంది. గాలివాటున ఒకేసారి దోమ కుప్పలుగా దిగితే, లేదా తట్టుకోలేని రకం దగ్గర దగ్గరగా నాటితే సాలీళ్లు ఒక్కటే ఆపలేవు. కాలిబాటలు తీయడం, మడి ఆరగట్టడం లాంటివి అప్పుడు కావాల్సిందే.

పొలంలో లెక్కేసేటప్పుడు పురుగులు, మిత్ర పురుగులు 2:1 ఉంటే మందు ఆపొచ్చని రైతు శిక్షణల్లో చెబుతారు. ఆ లెక్కకు జాతి పేరు అక్కర్లేదు, "సాలీడు" అని గీతలు పెడితే చాలు. అయితే ఆ గీతలన్నీ సమానం కావు. ఆకుల పైన గూడు అల్లే పొడుగు దవడల సాలీడు ఎగిరేవాటిని పడుతుంది. దుబ్బు మొదట్లో పరుగెత్తే పార్డోసా, సుడిదోమ రసం పీల్చే చోటికే పోతుంది. నీటికి పైన, కాండం మొదట్లో ఎన్నున్నాయో చూడకుండా ఆకుల మీద గూళ్లే లెక్కపెట్టి కాగితం నింపితే, 2:1 అని వచ్చినా దోమ దగ్గర కాపలా లేకపోవచ్చు. కుటుంబం స్థాయి పేరైనా తెలియడం అక్కడ పనికొస్తుంది.